క్రీ.పూ. 59 నాటిక కోసం: రోమన్ బలి ఏ వరసలో జరిగేది? శకునం పేరుతో ఓటింగ్ ఎలా ఆపేవారు?

కృష్ణలంక నాటక బృందం

గుంటూరులో నాటిక పోటీలకు గంట నిడివి స్క్రిప్టు తయారవుతోంది. కథాకాలం క్రీ.పూ. 59. జూలియస్ సీజర్, బిబులస్ ఆ ఏడాది ఇద్దరు కాన్సుల్‌లు, అంటే ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారులు. మొదటి రంగం జనవరి 1న కాపిటల్ కొండ మీద కొత్త కాన్సుల్‌లు ఇచ్చే బలి. మూడో రంగంలో బిబులస్ "నేను ఆకాశం చూస్తున్నాను" అంటూ సీజర్ చట్టాలకు అడ్డం పడతాడు.

తెలుసుకోవలసినవి ఇవీ. బలిలో ఏది ముందు, ఏది వెనక? కత్తి ఎవరి చేతిలో ఉంటుంది? తప్పు జరిగితే ఏం చేసేవారు? ఆకాశం చూస్తే చట్టం ఎందుకు ఆగుతుంది? సీజర్ అప్పటికే పొంటిఫెక్స్ మాక్సిమస్, అంటే పెద్ద పూజారి కదా, బిబులస్ మాటను ఆయనే కొట్టేయవచ్చు కదా? న్యాయనిర్ణేతల్లో చరిత్ర అధ్యాపకులు ఉంటారు. సినిమాల్లో చూసింది రాస్తే దొరికిపోతాం.

బ్రాడీపేట గ్రంథాలయం

సెట్టు దగ్గర మొదలుపెట్టండి, ఎక్కువమంది పొరపడేది అక్కడే. బలి గుడి లోపల జరగదు. బలిపీఠం గుడి ముందు, మెట్ల కింద, ఆరుబయట ఉంటుంది. గుడి తలుపులు తెరిచి ఉంటాయి, జూపిటర్ విగ్రహం లోపలి నుంచి చూస్తూ ఉంటుంది. కాబట్టి వెనక తెర మీద స్తంభాలు, మెట్లు, ముందు పీఠం, దాని పక్కన మూడు కాళ్ల చిన్న కుంపటి. సెట్టుకు ఇంతే చాలు.

ఇక వరస. కొత్త కాన్సుల్ తెల్లవారకముందే ఇంటి దగ్గర శకునం చూసుకుంటాడు. తరవాత ఊదా అంచు టోగా కట్టుకుని, ముందు 12 మంది లిక్టర్లు, అంటే అధికార చిహ్నాలు మోసే భటులు, కట్టెల మోపులు పట్టుకుని నడుస్తుండగా, సెనేటర్లతో కలిసి కొండెక్కుతాడు. జూపిటర్‌కు తెల్ల ఎద్దు. ఆబోతు కాదు, విత్తులు కొట్టిన ఎద్దు. ఆబోతు మార్స్‌కు వెళ్తుంది. మామూలు నియమం మగ దేవుడికి మగ జంతువు, దేవతకు ఆడ జంతువు. ఆకాశ దేవతలకు తెల్లవి, పాతాళ దేవతలకు నల్లవి. ఎద్దు కొమ్ములకు బంగారు పూత, తలకు ఉన్ని పట్టీలు, వీపు మీద అంచుల గుడ్డ. ఎద్దు తనంత తాను నడిచివచ్చినట్టు కనపడాలి. తాడు లాగి తెస్తే శకునం చెడినట్టే, తెంచుకు పారిపోతే ఇంకా ఘోరం.

పీఠం దగ్గరకు వచ్చాక కాన్సుల్ చేతులు కడుక్కుంటాడు. నిశ్శబ్దం పాటించమని చాటింపు అవుతుంది. జంట పిల్లనగ్రోవి మొదలవుతుంది. ఇది వినోదం కోసం కాదు, చెడు మాటలు, చెడు చప్పుళ్లు కాన్సుల్ చెవిన పడకుండా. మీ సంగీత దర్శకుడికి ఇది చెప్పండి: బలి అయ్యేదాకా ఆ ఊదుడు ఆగకూడదు. అప్పుడు కాన్సుల్ టోగా వెనక చెరగు తల మీదికి లాక్కుంటాడు. రోమన్ పద్ధతి బలికి తల కప్పుకోవడం గుర్తు. గ్రీకు పద్ధతిలో అయితే తలకు ఆకుల దండ ఉంటుంది, ముసుగు ఉండదు. రెండూ రోమ్‌లోనే జరిగేవి, దేవుణ్ణి బట్టి మారేవి.

కుంపటిలో ముందు సాంబ్రాణి, తరవాత ద్రాక్షసారా. పక్కన సాంబ్రాణి పెట్టె పట్టుకుని ఒక కుర్రవాడు నిలబడతాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉన్న పిల్లవాడే ఆ పనికి పనికొస్తాడు. తరవాత ప్రార్థన. కాన్సుల్ సొంతంగా ఏమీ అనడు. ఒకరు పాఠం చూసి చదువుతుంటే ఆయన తిరిగి పలుకుతాడు. ఇంకొకరు మాట తప్పిందేమో కనిపెట్టి చూస్తుంటారు. మరొకరు జనాన్ని మౌనంగా ఉంచుతారు. ఈ ముగ్గురి సంగతి పెద్ద ప్లీనీ రాసి పెట్టాడు. మన యజ్ఞంలో బ్రహ్మస్థానంలో ఉన్నవాడు నోరు మెదపకుండా కూర్చుని లోపం కనిపెడతాడు కదా, ఆ పనే ఇక్కడా.

ఇప్పుడు పిండి. వెస్టా దేవత పూజారిణులైన వెస్టా కన్యలు తయారుచేసే ఉప్పుపిండి, మోలా సాల్సా. మే 7 నుంచి 14 వరకు రోజు విడిచి రోజు పెద్ద కన్యలు ముగ్గురు కొత్త వెన్నులు తెచ్చి, వేయించి, దంచి, విసురుతారు. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, సెప్టెంబర్ పండగల్లో, ఉప్పు కలుపుతారు. ఆ ఉప్పును కూడా రోట్లో నూరి, కుండలో పెట్టి మూసి, పొయ్యిలో కాల్చి గడ్డ కట్టించి, ఇనుప రంపంతో కోస్తారు. ధాన్యం పొట్టు గోధుమ, మన దగ్గర ఖప్లి అని అమ్మే జాతే. వేదిక మీద ముతక గోధుమ రవ్వ చాలు.

ఈ పిండిని కాన్సుల్ ఎద్దు మీద చల్లుతాడు, నుదుటి మీద ద్రాక్షసారా పోస్తాడు, కత్తిని తల నుంచి తోక దాకా వెన్ను మీదుగా గాలిలో లాగుతాడు. గాటు పడదు. ఎద్దు మనిషి సొత్తు నుంచి దేవుడి సొత్తుగా మారే క్షణం అదే. కాన్సుల్ చేతిలో కత్తి ఉండేది ఆ కాసేపే. తరవాత పని నడుం పైన గుడ్డలేని సేవకులది. ఒకడు సుత్తి ఎత్తి "చేయనా?" అంటాడు, "చెయ్యి" అని అనుమతి వస్తుంది, దెబ్బ పడుతుంది, ఇంకొకడు గొంతు కోస్తాడు. ఆ అనుమతి మాట మీద దీపాలు ఆర్పేస్తే సరిపోతుంది. జంతువును వేదిక మీదికి తేనక్కరలేదు.

రంగం మాత్రం అక్కడ ముగించకండి. అసలు ఉత్కంఠ ఆ తరవాత ఉంది. కళేబరాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట కోసి, హరుస్పెక్స్ అనే శకున నిపుణుడు లోపలి భాగాలు చూస్తాడు: కాలేయం, పిత్తాశయం, ఊపిరితిత్తులు, గుండె, పేగుల మీది కొవ్వు పొర. అన్నీ బాగుంటే దేవుడు అందుకున్నట్టు. ఎద్దువైతే ఆ భాగాలను కుండలో ఉడికించి, ముక్కలు కోసి, ఉప్పుపిండి చల్లి కాన్సుల్ పీఠం మీద కాలుస్తాడు. మిగతా మాంసం మనుషులకు. ఉడకడానికి చాలాసేపు పడుతుంది. రోమన్ పంచాంగంలో 8 రోజులు అందుకే చీలిపోయి ఉండేవి: పొద్దున, సాయంత్రం కోర్టు పని పనికిరాదు; జంతువును కోసిన తరవాత, భాగాలు పీఠం ఎక్కేలోపు మాత్రం పనికొస్తుంది.

అరండల్‌పేట చరిత్ర

తప్పుల సంగతి నేను రాస్తాను. రోమన్ మతంలో నాకు అన్నిటికంటే లోతుగా అనిపించేది ఇదే. తప్పు జరిగితే ఏడుపులు, శాపాలు ఉండవు. మళ్లీ చేస్తారు. ఎన్నిసార్లైనా.

క్రీ.పూ. 176 చూడండి, ఒకే ఏడాదిలో మీ నాటికకు కావలసినంత సరుకుంది. లాటిన్ పట్టణాలన్నీ కలిసి చేసే పండగలో లానువియం అధికారి ఒక జంతువు దగ్గర "రోమన్ ప్రజల కోసం" అనే మాట పలకడం మరిచిపోయాడు. ఒక్క జంతువు, ఒక్క మాట. సంగతి సెనేట్‌కు వెళ్లింది, సెనేట్ పొంటిఫెక్స్‌ల మండలిని అడిగింది. పండగ సరిగా జరగలేదు, మొత్తం మళ్లీ చేయాలి, జంతువుల ఖర్చు లానువియం వాళ్లు పెట్టుకోవాలి అని మండలి తేల్చింది.

అదే ఏడాది ఇద్దరు కాన్సుల్‌లకూ బలి చెడింది. కార్నేలియస్ ఇచ్చిన ఎద్దు కాలేయం కుండలో ఉడుకుతూ ఉడుకుతూ కరిగి మాయమైంది. పెటిలియస్ ఎద్దు కాలేయానికి పై తమ్మె లేదు. రోమన్లు దాన్ని కాలేయం "తల" అనేవారు, అది లేకపోవడం అన్నిటికంటే చెడ్డ గుర్తు. ఇంకో మూడు ఎద్దులను ఇచ్చినా పెటిలియస్‌కు అనుకూలం రాలేదు. దేవుడు అందుకునేదాకా పెద్ద జంతువులు ఇస్తూనే ఉండమని సెనేట్ ఆదేశించింది. మిగతా దేవుళ్లు అందుకున్నారు, క్షేమ దేవత సాలస్ మాత్రం అందుకోలేదని లివీ రాశాడు. కార్నేలియస్ జబ్బు చేసి పోయాడు, పెటిలియస్ లిగూరియన్ల మీద యుద్ధంలో చచ్చిపోయాడు.

తప్పుగా లెక్కపడేవాటిలో చిన్నవీ ఉన్నాయి: ఊరేగింపు గుర్రం తడబడటం, రథం తోలేవాడు పగ్గాలు ఎడమ చేతిలోకి మార్చుకోవడం. ఒక బలి 30 సార్లు మళ్లీ చేయవలసి వచ్చిందని ప్లూటార్క్ అంటాడు. సుల్పీషియస్ అనే పూజారికి బలి మధ్యలో టోపీ తల మీంచి జారి పడితే పూజారి పదవే పోయింది.

దుర్వినియోగం కూడా ఇక్కడి నుంచే. మళ్లీ చేయడమంటే పందేలు, ఆటలు మళ్లీ పెట్టడం. లాభం ఉన్నవాళ్లు కావాలని చిన్న తప్పు చేయించి పది సార్ల దాకా ఆడించేవారు. క్లాడియస్ చక్రవర్తి గుర్రప్పందేలు మళ్లీ పెట్టవలసి వస్తే ఒక్క రోజుకు మించకూడదని ఆజ్ఞ ఇచ్చాక ఆ తప్పులు దాదాపు జరగడం మానేశాయి.

ముందే జాగ్రత్తపడే పద్ధతి కావాలంటే కేటో వ్యవసాయ గ్రంథంలో ఉంది. పొలం చుట్టూ పంది, గొర్రె, దూడలను తిప్పి మార్స్‌కు ఇచ్చే బలి. అనుకూలం రాకపోతే ఏ మాట చెప్పి మళ్లీ ఇవ్వాలో ఆ పాఠం కూడా పక్కనే రాసిపెట్టాడు: మార్స్ తండ్రీ, ముందు ఇచ్చిన వాటిలో నీకేదైనా తృప్తి కలగకపోతే, వీటితో ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాను. ఇది అర్థం మాత్రమే, మీ మాటల్లో తెలుగు చేసుకోండి.

కృష్ణలంక నాటక బృందం

ఇద్దరికీ నమస్కారాలు. మొదటి రంగం కళ్లకు కట్టింది. మూడో రంగం, ఆకాశం సంగతి ఎవరైనా చెబుతారా? సీజర్ పెద్ద పూజారి హోదాతో ఎందుకు ఆపలేకపోయాడన్నది మాకు ఇంకా అంతుపట్టలేదు.

కొత్తపేట లాయరు

ఆపలేడు. పొంటిఫెక్స్‌ల మండలి వేరు, శకున నిపుణులైన ఆగుర్‌ల మండలి వేరు. బలులు, పంచాంగం, దత్తత, సమాధులు పొంటిఫెక్స్‌ల కింద. శకునాలు, సభాస్థలం హద్దులు ఆగుర్‌ల కింద. క్రీ.పూ. 300లో ఒగుల్నియస్ చట్టం రెండు మండలుల్లోకీ సామాన్య కుటుంబాల వాళ్లను రానిచ్చింది. 104లో డొమిషియస్ చట్టం ఈ పదవులకు ఒక రకం ఎన్నిక పెట్టింది: 35 తెగల్లో చీటీ వేసి తీసిన 17 తెగలు ఓటేస్తాయి. నియంత సల్లా దాన్ని రద్దు చేస్తే 63లో మళ్లీ వచ్చింది. సీజర్ పొంటిఫెక్స్ మాక్సిమస్ అయింది ఆ 63లోనే. అంటే అది గుడిలో పూజారి ఉద్యోగం కాదు, రాజకీయ నాయకుడు జీవితాంతం ఉంచుకునే పదవి. వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో తిబేరియస్ చక్రవర్తివి కూడా ఉన్నాయి. తిబేరియస్ వెండి, బంగారు నాణేల మీద ఎక్కువగా కనిపించే బిరుదు కూడా ఇదే.

ఇక శకునం. శకునం అడిగే హక్కు ఆగుర్‌ది కాదు, కాన్సుల్ లాంటి అధికారిది. ఆగుర్ నిపుణుడు మాత్రమే. అధికారి అర్ధరాత్రి దాటాక లేచి, హద్దులు గీసిన చోట గుడారంలో కూర్చుని, పూర్తి నిశ్శబ్దంలో ఈ రోజు ఈ పని చేయవచ్చా అని జూపిటర్‌ను అడుగుతాడు. జవాబు ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. ఎడమ వైపు మెరుపు అన్నిటికీ మంచిదే, ప్రజాసభకు తప్ప. జూపిటర్ ఉరుముతుండగా, మెరుస్తుండగా ప్రజలను ఓటుకు పిలవడం నిషిద్ధం. బిబులస్ పట్టుకున్నది ఈ మినహాయింపునే. నేను ఆకాశం చూస్తున్నాను అని తోటి కాన్సుల్ ప్రకటిస్తే మెరుపు కనపడినట్టే లెక్క, సభ పెట్టకూడదు. క్రీ.పూ. 150 ప్రాంతపు చట్టాలు దీనికి బలం ఇచ్చాయి.

మరి ఎందుకు ఆగలేదు? చెడు శకునం చూసిన అధికారి సభ మొదలయ్యేలోపు తానే వెళ్లి, సభ నడిపేవాడి ముఖం మీద చెప్పాలి. సీజర్ భూముల చట్టం ఓటింగ్ రోజు బిబులస్ వెళ్లాడు కూడా, ఫోరం అనే నగర కూడలిలో కాస్టర్ గుడి మెట్ల మీదికి. అక్కడ ఆయన నెత్తిన పేడ గంప కుమ్మరించారు, లిక్టర్ల కట్టెల మోపులు విరిచారు, మెట్ల మీంచి తోసేశారు. ఆ తరవాత ఏడాది చివరిదాకా ఇంట్లో కూర్చుని, ఆకాశం చూస్తున్నానని ప్రకటనలు మాత్రం పంపేవాడు. కబురు పంపితే చెల్లుతుందా అన్నది అసలు వివాదం. 58లో క్లోడియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫు అధికారి) ఆగుర్‌లను ప్రజల ముందు నిలబెట్టి, ఆకాశం చూస్తుండగా ప్రజాసభ నడపవచ్చా అని అడిగాడు. నడపకూడదన్నారు. అయినా సీజర్ చట్టాలు రద్దు కాలేదు. వాటినే సరైన శకునాలతో మళ్లీ పెట్టుకోమని కొందరు పెద్దలు సీజర్‌కు చెప్పి చూశారు, ఆయన ఒప్పుకోలేదు.

నాటకీయత కావాలంటే 57 నవంబర్ సంగతి వాడుకోండి, సిసెరో ఉత్తరంలో ఉంది. క్లోడియస్ ఎన్నిక ఆపడానికి ట్రిబ్యూన్ మిలో అర్ధరాత్రికి ముందే పెద్ద బలగంతో ఓటింగ్ మైదానానికి వచ్చి మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. కాన్సుల్ మెటెల్లస్, రేపు మైదానానికి రావద్దు, పొద్దున్నే ఫోరంలో ఉంటాను, అక్కడే చెప్పు అన్నాడు. మిలో చీకటి ఉండగానే ఫోరంకు వెళ్లి కాచుకున్నాడు. మెటెల్లస్ సందుల్లోంచి మైదానానికి జారుకోబోతుంటే వెంటపడి పట్టుకుని, చెడు శకునం అని ముఖాన చెప్పాడు. మెటెల్లస్ వెనక్కి తిరిగాడు. ముఖాముఖి చెప్పడం ఎంత అవసరమో ఇంతకంటే బాగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

బ్రాడీపేట గ్రంథాలయం

లాయరుగారి వివరణతో ఏకీభవిస్తాను. కానీ మూడో రంగం చూసి ప్రేక్షకులు ఇదంతా మోసమే అనుకుని వెళ్తే రోమ్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం. క్రీ.పూ. 163లో టైబీరియస్ గ్రాకస్ కాన్సుల్‌గా వచ్చే ఏడాది ఎన్నికలు జరిపించాడు. ఆయన స్వయంగా ఆగుర్. శకునం చూసే గుడారం సిపియో తోటలో వేశాడు. మధ్యలో సెనేట్ నడపడానికి నగర పవిత్ర సరిహద్దు దాటి లోపలికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ శకునం అడగడం మరిచిపోయాడు. తరవాత తన ప్రాంతంలో పుస్తకాలు చదువుకుంటుంటే తట్టింది. ఎవరూ అడగకుండానే ఆగుర్‌ల మండలికి ఉత్తరం రాశాడు. అప్పటికి కొత్త కాన్సుల్‌లు పదవిలో ఉన్నారు. మండలి సెనేట్‌కు చెప్పింది, ఇద్దరు కాన్సుల్‌లూ రాజీనామా చేశారు. సరిహద్దు దాటాక ఒక్కసారి శకునం అడగనందుకు రాజ్యంలో అత్యున్నత పదవులు వదులుకున్నారు. మోసం అయితే ఇది జరగదు.

యుద్ధంలోనూ అంతే. పవిత్ర కోడిపిల్లల ముందు గింజలు వేస్తే ఆత్రంగా తిని, నోట్లోంచి నేల మీద రాలాలి, అప్పుడు శుభం. 293లో అక్విలోనియా దగ్గర కోళ్లు తినకపోయినా, పోరాడాలన్న ఆత్రంతో కోళ్ల కాపరి తిన్నాయని అబద్ధం చెప్పాడు. కాన్సుల్ పాపీరియస్‌కు తెలిసింది. నాకు చెప్పిన శకునం నాకు చెల్లుతుంది, అబద్ధం పాపం చెప్పినవాడిది అని, ఆ కాపరిని ముందు వరసలో నిలబెట్టాడు. ఈటె తగిలి అతను పడిపోయాడు, రోమన్లు గెలిచారు. 249లో డ్రెపనా దగ్గర క్లాడియస్ పల్కర్ తిననివి తాగుతాయిలే అని కోళ్లను సముద్రంలో తోయించాడట, ఆ యుద్ధంలో 93 ఓడలు శత్రువుల పాలయ్యాయి. ఆ ఓటమిని రోమన్లు తరతరాలుగా ఆ అవమానంతోనే కలిపి చెప్పుకున్నారు.

బిబులస్ పాత్రధారిని కపటిగా నటించనివ్వకండి. ఆయన చేతిలో మిగిలిన ఒకే ఒక చట్టబద్ధమైన ఆయుధం అది.

కృష్ణలంక నాటక బృందం

అయితే బిబులస్ మెట్ల మీద ఏ మాట అనాలి? లాటిన్ మాట ఏదైనా ఉందా? టోగా కొలత కూడా చెబితే ఈ వారంలో కుట్టిస్తాం.

కొత్తపేట లాయరు

సభను వాయిదా వేసే ఆగుర్‌ల మాట "ఆలియో డియే", ఇంకో రోజు అని. క్రీ.పూ. 44లో డొలాబెల్లా ఎన్నిక రోజు ఓట్లు రెండో వర్గం దాకా పడ్డాక ఆంటోనీ ఈ మాటే అన్నాడు. ఆయన కాన్సుల్, ఆగుర్ కూడా. కానీ ఆపుతానని జనవరిలోనే చెప్పుకున్నాడు. రాబోయే శకునం నెలల ముందే ఎలా తెలిసిందని సిసెరో నిలదీశాడు. మీ బిబులస్ మాత్రం ఆగుర్‌గా కాదు, కాన్సుల్‌గా మాట్లాడుతున్నాడు. అందుకని "ఆకాశం చూశాను, సభ ఆపు" అని తెలుగులోనే, సీజర్ కళ్లలోకి చూసి అనిపించండి. ఓటింగ్ మొదలయ్యే చప్పుడు ఆ మాట తరవాతే రావాలి. ముందు వస్తే చట్టప్రకారం బిబులస్ ఆలస్యమైనట్టు అవుతుంది, న్యాయనిర్ణేత పట్టేస్తాడు.

టోగా దీర్ఘచతురస్రం కాదు. అర్ధచంద్రాకారంలో కోసిన ఒకే గుడ్డ, నటుడి ఎత్తును బట్టి తిన్నని అంచు నాలుగున్నర నుంచి ఐదున్నర మీటర్లు. ఉన్ని వేదిక దీపాల కింద ఉడికిపోతుంది, ముతక చేనేత నూలు తీసుకోండి. పాలిస్టర్ వద్దు, మడతలు భుజం మీద నిలవవు. ఎడమ భుజం మీంచి ముందుకు మోకాళ్ల కిందకు జారనిచ్చి, మిగిలింది వీపు వెనక నుంచి కుడి చంక కింద తెచ్చి, మళ్లీ ఎడమ భుజం మీద వేయాలి. పిన్నులు పెట్టినా బయటికి కనపడనివ్వకండి, రోమన్లు ఎడమ చేత్తోనే పట్టుకునేవారు. కాన్సుల్‌ల లాంటి పెద్ద అధికారులకు ఊదా అంచు, మామూలు పౌరులకు తెల్లదే. సాంబ్రాణి పట్టే కుర్రవాడికి టోగా వద్దు, పొట్టి చొక్కా చాలు.